నారుమడిని చూసి పంట చెప్పవచ్చునా?

బందరు, గుడివాడ మైదానాలలో బంతి విసిరే కుర్రవాళ్లకు బేస్‌బాల్ కొత్త కావచ్చు. అయినా మైకేల్ లూయిస్ 2003లో ప్రకటించిన ‘మనీబాల్’ అనే ఆంగ్ల గ్రంథంలోని సమస్య వారికీ సంబంధించినదే. ధనబలం లేని ఓక్‌లాండ్ జట్టుకు బిల్లీ బీన్ అనే నిర్వాహకుడు గణాంకాల సాయంతో ఆటగాండ్రను ఎట్లా ఏరుకొన్నాడో అందులోని కథ. కథనం హాయిగా సాగుతుంది. చిక్కు వచ్చేది ‘స్టార్టింగ్ పిచర్’ దగ్గర.

ఆట మొదటి బంతి నుంచి వీలైనంతసేపు విసరవలసినవాడే స్టార్టింగ్ పిచర్. అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి బంతిని నేల తాకనీయకుండా విసరాలి. సాధారణంగా అయిదు రోజులకొకసారి వంతు వస్తుంది. మన ఫాస్ట్ బౌలరుకు వలెనే అతనికీ భుజమూ, మోచేయీ ఆస్తి. ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రవాళ్లను ఎన్నుకొంటాయి; దానినే డ్రాఫ్ట్ అంటారు.

హైస్కూలు పిచర్లను నమ్మరాదనీ, కాలేజీలో ఆడి లెక్కలు పోగైనవారినే తీసుకోవాలనీ బీన్ సిద్ధాంతం. 2001లో తనవారు జెరెమీ బాండర్‌మన్ అనే హైస్కూలు కుర్రవాణ్ణి ఎన్నుకొన్నందుకు అతడు కుర్చీ విసిరికొట్టాడట! 2002 డ్రాఫ్ట్ ఈ సిద్ధాంతానికి విజయయాత్ర అన్నట్లు గ్రంథంలో కనిపిస్తుంది.

కాలం ఏమి చెప్పింది? ఆ ఏడు 24వ వంతులో ఓక్‌లాండ్ కాలేజీ పిచర్ జో బ్లాంటన్‌ను తీసుకొంది. వెంటనే 25వ వంతులో శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకొన్న మాట్ కేన్ హైస్కూలు కుర్రవాడు. 2012లో ఒక్క బ్యాటరునూ బేస్ చేరనీయకుండా ఆట ముగించాడు. ఆరవవాడు గ్రెయింకీ, పదిహేడవవాడు హామెల్స్ కూడా హైస్కూలువారే. ఓక్‌లాండ్ మొదటి విడతలో తీసుకొన్న మిగిలిన ఇద్దరు కాలేజీ పిచర్లు, ఫ్రిట్జ్, ఓబెన్‌చైన్, మేజర్ లీగ్‌కు చేరనే లేదు.

దీనితో సిద్ధాంతం తలకిందులైందని అనుకోవడం మరొక తొందరపాటు. ఆ ఏడు మూడవ, అయిదవ వంతుల హైస్కూలు పిచర్లు గ్రూలర్, ఎవర్ట్స్ కూడా మేజర్ లీగ్ ముఖం చూడలేదు. అందరికంటె ముందు ఎన్నికైన బులింగ్‌టన్ కాలేజీవాడు. మేజర్ లీగ్‌లో అతని ఖాతాలో పడిన గెలుపు ఒక్కటి. పిడికెడు గింజలను చూసి ఇటు గాని అటు గాని తీర్పు చెప్పరాదు. లూయిస్ చేసిన పొరపాటు అదే. హడ్సన్, మల్డర్, జీటో ముగ్గురూ కాలేజీ నుంచి వచ్చినవారు. 2002లో 103 ఆటలు గెలిచిన ఆ జట్టుకు వెన్నెముక వంటివారు. సిద్ధాంతానికి వీరే గట్టి సాక్షులు. చిత్రమేమంటే గ్రంథంలో వీరికి దక్కిన చోటు తక్కువ!

నూజివీడు, నందిగామలలో బాల్యంలో చదువుకొన్న సి. ఆర్. రావు 1948లోనే అనేక కొలతలను కలిపి వర్గీకరించే పద్ధతిని వివరించాడు. హైస్కూలా, కాలేజీయా అన్న ఒక్క ప్రశ్నతో మనుషులను రెండు కుప్పలుగా పోయడం దానికి చాలా దూరం. కొలతలెన్ని ఉన్నా మరొక అడ్డంకి ఉంది. మోచేతి నరం రేపు తెగుతుందో లేదో నేటి లెక్కలో ఉండదు. దివిసీమ రైతు నారుమడిలో ఏపుగా ఉన్న మొక్కను చూసి వంగడాన్ని మెచ్చుకోడు. ఉప్పు తేలిన చేలో, నీరు ఆలస్యమైన ఏడు ఎట్లా నిలిచిందో అడుగుతాడు. బందరు వ్యవసాయ పరిశోధన కేంద్రంవారు చౌడును తట్టుకొనే వరి రకాలను తేల్చుకోవడానికి పంటకాలాలు గడుస్తాయి. డ్రాఫ్ట్ నాడు జట్లకు ఆ సావకాశం లేదు.

2010లో 272వ వంతులో న్యూయార్క్ మెట్స్ తీసుకొన్న జేకబ్ డిగ్రామ్ కాలేజీలో ఎక్కువ కాలం షార్ట్‌స్టాప్. పిచర్‌గా అతని లెక్కలు కొద్దిపాటివే. 2018లోనూ, 2019లోనూ తన లీగ్‌లో ఉత్తమ పిచర్ బహుమానం అతనిదే.