తల్లికి పేరు తెలియని కొడుకు

వంశవృక్షాలు గీసే పిచ్చి ఉన్నవాళ్లు ఖాళీ గడి చూస్తే ఊరుకోలేరు. నాకూ ఆ పిచ్చి ఉంది. ఈ మధ్య అది నన్ను తొమ్మిదో శతాబ్దపు ఫ్రాంకు దొర ఒకడి వెంట తిప్పుతోంది. పేరు బెర్నార్డ్. ఇవాళ దక్షిణ ఫ్రాన్సులో ఉన్న సెప్టిమేనియాకీ, బార్సెలోనాకీ కౌంట్.

ఆ కాలంలో ఇంటిపేర్లు లేవు. మనిషికి ఒకటే పేరు. ఒకే తరంలో బెర్నార్డులు అరడజను మంది తగులుతారు. వాళ్లలో మనవాడెవరో తేల్చడానికి ఉన్న ఆధారం, పేర్లు కుటుంబంలోనే తిరుగుతుండటం. తాత పేరు మనవడికి పెట్టడం మనకు తెలిసిన ఆచారమే, ఫ్రాంకు దొరలదీ అదే దారి. బెర్నార్డ్ తండ్రి విలియం, పెద్ద కొడుకూ విలియమే. గెర్డ్ టెలెన్‌బాఖ్, కార్ల్ ష్మిడ్ వంటి జర్మన్ చరిత్రకారులు దీన్నొక శాస్త్రంగానే పెంచారు. మఠాల్లో సన్యాసులు ఎవరెవరి కోసం ప్రార్థించాలో ఆ పేర్లను పుస్తకాల్లోకి ఎక్కించేవారు. రైఖెనౌ మఠం పుస్తకంలో నలభై వేలకు దగ్గరగా పేర్లున్నాయి. వాటిని గుంపులు గుంపులుగా రాశారు. అదే గుంపు మరో మఠం పుస్తకంలోనూ కనబడితే వాళ్లంతా బంధువులని ఊహించవచ్చు. విసుగు పుట్టించే పని, కానీ ఒక్కసారి రెండు గుంపులు కలిశాయంటే ఆ రాత్రి నిద్ర పట్టదు.

బెర్నార్డ్ తండ్రి విలియం మామూలు మనిషి కాదు. షార్లమేన్ కాలంలో తులూజ్ కౌంట్. 801లో బార్సెలోనా పట్టుకున్న సేనలో ఉన్నాడు. 804లో జెలోన్‌లో మఠం కట్టించి, 806లో తానే అందులో సన్యాసిగా చేరాడు. మూడు వందల ఏళ్ల తర్వాత గాయకులు ఆయన్ని వీరగాథల నాయకుణ్ని చేశారు. ఆ గాథల్లో ఆయన తండ్రి నార్బొన్ దొర ఏమెరీ. మఠానికి దానమిచ్చిన 804 నాటి పత్రం తల్లిదండ్రులు థియోడరిక్, ఆల్దానా అంటుంది. భార్యల్లో ఒకామె గిట్‌బర్గ్ అని కూడా చెబుతుంది. వింతేమంటే, తండ్రిని మార్చేసిన గాయకులు ఈ భార్య పేరును మాత్రం దాదాపు అలాగే ఉంచారు. గాథల్లో ఆమె గిబోర్. అలాగని ఆ పత్రాన్ని కళ్లు మూసుకుని నమ్మడానికీ లేదు. జెలోన్‌లో ఒక ప్రతి, దగ్గర్లోని అనియాన్ మఠంలో ఇంకో ప్రతి మిగిలాయి. తర్వాతి రోజుల్లో ఆ రెండు మఠాలూ ఆధిపత్యం కోసం తగవులాడుకున్నాయి. చేర్పులు చేసిన చేతులు రెండింటిలోనూ కనబడతాయి.

ఇక బెర్నార్డ్. 829లో లూయీ చక్రవర్తి పిలిపించి రాజసౌధం బాధ్యతలు అప్పగించాడు. ఏడాది తిరక్కుండానే రాణి జూడిత్‌తో సంబంధం అంటగట్టారు. అతను తప్పించుకున్నాడు, తోబుట్టువులు దొరికిపోయారు. సోదరుడు హెరిబర్ట్ కళ్లు పొడిచారు. 834లో షాలోన్‌లో ఇంకో సోదరుడు గౌసెల్మ్ తల నరికారు. సోదరి గెర్బెర్గా సన్యాసిని. ఆమెను మంత్రగత్తె అని పీపాలో పెట్టి సోన్ నదిలో ముంచేశారు.

ఈ కుటుంబం గురించి మనకు తెలిసినదాంట్లో విలువైన పాలు బెర్నార్డ్ భార్య ధువోడా పెట్టిన భిక్ష. ఆమెను 824లో ఆఖెన్ రాజసౌధంలో పెళ్లాడి, తర్వాత ఉజెస్‌లో ఉంచి తన రాజకీయాల మీద తాను తిరిగాడు. అతని సరిహద్దు అవసరాల కోసం ఆమె క్రైస్తవుల దగ్గర, యూదుల దగ్గర అప్పులు చేసింది. 841లో ఫోంతెన్వా యుద్ధం తర్వాత, పదిహేనేళ్లు నిండని పెద్ద కొడుకు విలియంను బెర్నార్డ్, లూయీ కొడుకైన బట్టతల చార్లెస్ రాజు కొలువుకు పంపాడు. ఆ కొడుకు కోసం ఆమె 841 నవంబరులో ఒక పుస్తకం మొదలుపెట్టి 843 ఫిబ్రవరిలో ముగించింది. ఎలా బతకాలో, ఎవరికి మొక్కాలో చెప్పే పుస్తకం. చివర్లో, వీళ్ల కోసం ప్రార్థించమంటూ చనిపోయిన బంధువుల పేర్లు రాసింది. విలియం, గిట్‌బర్గ్, గెర్బెర్గా, థియోడరిక్, ఇంకొందరు.

నా గుండె ఆగే చోటు ఈ జాబితాయే. మఠం పత్రంలోని గిట్‌బర్గ్ ఇక్కడా ఉంది, అంటే పత్రంలో ఆ ముక్క నిజం. గెర్బెర్గా నదిలో ముంచిన ఆడబిడ్డే కావాలి. థియోడరిక్ అంటే విలియం తండ్రి అనుకుని తొందరపడకూడదు. అదే పుస్తకంలో ఆమె, కొడుకును బాప్టిజంలో తన బిడ్డగా స్వీకరించి, అతని మేలు కోసం ఆస్తి వదిలివెళ్లిన పెదనాన్న వరస థియోడరిక్‌ను ప్రత్యేకంగా తలుచుకుంటుంది. నా లెక్కలో ఆ పేరు ఆయనది.

అన్నీ భర్త వైపు పేర్లే. తన తల్లిదండ్రుల గురించి ఆమె ఒక్క ముక్క రాయలేదు. ధువోడా అన్న పేరు అరుదు కాబట్టి పండితులు అటూ ఇటూ ఊహలు చేశారు, ఏదీ నిలబడలేదు. ఈ ఇంటి చరిత్ర కాపాడిన మనిషికి పుట్టిల్లు లేదు. ఆ గడి అలా ఖాళీగా ఉండటమే నాకు న్యాయంగా తోస్తుంది. ఎందుకంటే ఖాళీలు నింపాలన్న తపన ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుసు. 1972లో ఆర్థర్ జుకర్‌మన్ అనే పండితుడు, విలియం తండ్రి థియోడరిక్ నిజానికి బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు రాజవంశీకుడని ఏకంగా పుస్తకమే రాశాడు. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. అయినా ఇప్పటికీ ఎన్నో వంశవృక్షాల్లో ఆ కొమ్మ పచ్చగానే ఉంది.

844లో బెర్నార్డ్‌ను రాజద్రోహం కింద బట్టతల చార్లెస్ చంపించాడు. పెద్ద కొడుకు విలియం 848లో బార్సెలోనా పట్టుకుని, 850లో తానూ తల పోగొట్టుకున్నాడు. మిగిలింది రెండోవాడు. 841 మార్చిలో పుట్టాడు. బాప్టిజం కాకముందే తండ్రి ఆ పసివాణ్ని ఆక్విటేన్‌కు తెప్పించుకున్నాడు. పుస్తకం రాసేనాటికి వాడికి ఏం పేరు పెట్టారో తల్లికి తెలియదు. ఆ మాట ఆమే రాసింది.

864లో చార్లెస్ రాజు మీద మాటు వేశాడని కొందరు ఆరోపించిన బెర్నార్డ్ అనే ఒకణ్ని, ఆ పాత బెర్నార్డ్‌కు రక్తంలోనూ బుద్ధిలోనూ కొడుకేనని ఒక వార్షిక వృత్తాంతం ఈసడిస్తుంది. వయసు సరిపోతుంది, పేరు సరిపోతుంది. ఉజెస్ పసివాడి నుంచి ఇతని దాకా నేను నిండు గీత గీశాను. 910లో క్లూనీ మఠం స్థాపించిన ఆక్విటేన్ డ్యూక్ తండ్రి పేరు కూడా బెర్నార్డే, ఆ డ్యూక్ పేరు విలియం. చాలా పుస్తకాలు ఆ డ్యూక్ తండ్రి కూడా 864 నాటి బెర్నార్డేనని కలిపేస్తాయి. బహుశా నిజమే. నా కాగితం మీద మాత్రం ఆ ముక్క ఇంకా చుక్కల గీతే.