ఉత్తమ పురుషకి కులం లేదా? – 'టైమ్‌స్ప్లిటర్స్' ఆటల మీద వొక చూపు

వీడియో గేమ్ మీద మన పత్రికలో వ్యాసమేంటి అని కొందరు మిత్రులకి అనిపించొచ్చు. భూమి, కూలి, రిజర్వేషన్లు, దాడులు – ఇన్ని సమస్యలుండగా పిల్లలాట గురించి మాట్లాడడం పనిలేని పని అనొచ్చు. మేం అలా అనుకోవడం లేదు. కథా, నవలా, సినిమా ఎవరి చూపుతో చరిత్ర చెబుతున్నాయని ఇన్నేళ్ళుగా అడుగుతూనే వున్నాం. ఇవాళ హాస్టల్ గదుల్లో పుస్తకాల పక్కనే ఆటలూ వున్నాయి. చరిత్ర ఆ ఆటల్లోంచి కూడా బుర్రకెక్కుతోంది. కాబట్టి నవలని అడిగిన ప్రశ్నే ఆటనీ అడగాలి: ఇందులో 'నేను' ఎవరు?

మేమిక్కడ తీసుకున్నది టైమ్‌స్ప్లిటర్స్. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 1999లో మొదలైన ఫ్రీ రాడికల్ డిజైన్ అనే స్టూడియో చేసిన ఆటలివి. మొదటిది 2000లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. రెండోది 2002లో, మూడోది 'ఫ్యూచర్ పర్‌ఫెక్ట్' 2005లో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ మూడింటి మీదా వచ్చాయి. ఆ పేరుతో 2021లో స్టూడియోని మళ్ళీ తెరిచారు. కొత్త ఆట బయటికి రాకుండానే 2023 డిసెంబర్‌లో మూసేశారు. పాత ఆటలు మూడూ మాత్రం 2024 ఆగస్టులో ఇప్పటి ప్లేస్టేషన్లలోకి వచ్చాయి. అంటే ఇరవై ఏళ్ళ కిందటి ఆ చూపు కొత్త తరం ముందుకి మళ్ళీ వచ్చిందన్నమాట.

రెండో ఆట కథ ఇది. 2401వ సంవత్సరం. మనుషులకీ టైమ్‌స్ప్లిటర్స్ అనే రాక్షస జాతికీ యుద్ధం నడుస్తోంది. ఆ జాతి చేతిలో పడ్డ కాలస్ఫటికాల్ని వెనక్కి తేవడానికి సార్జెంట్ కోర్టెజ్ అనే సైనికుడు వొక్కో యుగంలోకి దూకుతాడు. 1990 సైబీరియా, 1932 షికాగో, 1895 పారిస్, 1853 అమెరికా పడమటి సీమ, 1920 అజ్టెక్ శిథిలాలు – ఇలా తొమ్మిది చోట్లు. ఎక్కడికి పోతే అక్కడి మనిషి రూపం వచ్చేస్తుంది. ఏ వేషమైనా ఇట్టే అతుకుతుంది. ఎక్కడా ఎవరూ "నువ్వెవడివి, ఎక్కణ్ణించి వచ్చావు" అని అడగరు. అడిగేలోపే తుపాకీ పేలుతుంది.

ఈ రకం ఆటల్ని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. ఫస్ట్ పర్సన్‌ని మన వ్యాకరణం ఉత్తమ పురుష అంది. ఈ ఆటలో ఉత్తమ పురుషకి వొళ్ళు కనపడదు. తెర మీద కనిపించేది చెయ్యీ, చేతిలో తుపాకీ. మిగిలినదంతా చూపే. తన వొంటిని తను చూసుకోవాల్సిన అవసరం లేని వాడే ఈ 'నేను'. మన అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. కులం అన్నింటికంటే ముందు వొంటినే పట్టిస్తుంది. చెయ్యి తగిలితే మైలన్నారు, నీడ పడితే మైలన్నారు. మన చూపు కంటే ముందు మన వొళ్ళు ఊళ్ళోకి వెళుతుంది. వొళ్ళు లేని 'నేను' అందరికీ వొకటే అని చెప్పడం, కులం పేరెత్తకపోతే కులం వుండదని చెప్పడం లాంటిదే.

ఆ వొళ్ళు లేని చూపుకి చరిత్రలో ఏం కనపడుతుందో చూద్దాం. 1853 అనగానే ఆటలో కౌబాయ్ పట్నం, ముఠాలు, తుపాకులు వస్తాయి. అసలు 1853లో అమెరికాలో బానిసత్వం చట్టబద్ధంగా నడుస్తోంది. 1850 జనగణన ప్రకారమే 32 లక్షల మంది బానిసలు. పన్నెండేళ్ళు బానిసగా బతికిన సాలమన్ నార్తప్ విడుదలైందీ, తన కథని అచ్చు వేయించిందీ 1853లోనే. బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ వచ్చింది 1865లో. ఆ పోరాటం మనకి దూరపు సంగతి కాదు. 1873లో మహాత్మా ఫూలే తన 'గులాంగిరి'ని నల్లవారి బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డ అమెరికా ప్రజలకే అంకితం చేశాడు. పూనాలో కూచున్న ఫూలేకి కనపడింది, కాలంలోకి దూకిన కోర్టెజ్‌కి కనపడలేదు.

1932 షికాగో కూడా అంతే. ఆటలో అది గ్యాంగ్‌స్టర్ల నగరం, బిగ్ టోనీ అనే ముఠా నాయకుణ్ణి చంపాలి. దక్షిణాది జమీందార్ల పొలాల నించి పారిపోయి వచ్చిన నల్లవాళ్ళు 1930 నాటికే ఆ నగరంలో 2 లక్షల 30 వేల మందికి పైగా వున్నారు. 1919లో అక్కడ జరిగిన జాతి హింసలో 38 మంది చచ్చిపోయారు. అందులో 23 మంది నల్లవాళ్ళే. ఆ షికాగోకి దారి ఈ ఆటలో లేదు.

1920 అజ్టెక్ శిథిలాల సంగతి ఇంకా ఘోరం. అక్కడ కోర్టెజ్ కెప్టెన్ యాష్ అనే ఇంగ్లీషు సాహసికుడి రూపంలో దిగుతాడు. 1521లో అజ్టెక్ రాజధానిని నేలమట్టం చేసిన స్పెయిన్ సేనాని పేరు కూడా కోర్టెసే. పేరు కావాలని పెట్టారో లేదో గాని, ఆ పేరు గలవాడు అదే జాతి గుడుల్లోకి తుపాకీతో మళ్ళీ దిగడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. అజ్టెక్‌ల వారసులు శిథిలాలైపోలేదు. వాళ్ళ నవాట్ల్ భాషని 2020 జనగణన నాటికి మెక్సికోలో 16 లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. లాక్కున్న భూములు ఊళ్ళకి తిరిగివ్వాలని పోరాడిన ఎమిలియానో జపాటాని చంపింది 1919లో. అంటే ఆటలోని ఏడాదికి సరిగ్గా వొక్క ఏడాది ముందు. భూమి అడుగుతున్న బతికున్న జనం స్థానంలో, పాడుబడ్డ గుడినీ కాల్చదగ్గ బొమ్మల్నీ నిలబెట్టారు. ఏ జాతినైనా ముందు గతం చేసేస్తే, ఆ తర్వాత దాని మీద పేలిన తూటాకి లెక్క చెప్పక్కర్లేదు గదా!

"ఇదంతా వేళాకోళం, ఆట చరిత్రని కాదు, హాలీవుడ్ సినిమాని ఎగతాళి చేస్తోంది" అని సమర్థించే వాళ్ళున్నారు. నిజమే, ఈ ఆటల్లో హాస్యం వుంది. ఆడిన వాళ్ళు నవ్వుకుంటారు, మేమూ నవ్వుకున్నాం. కాని సినిమాని ఎగతాళి చేసేవాడు సినిమా వొదిలేసిన మనుషుల్ని తీసుకొస్తే అది విమర్శ. వాళ్ళని తనూ వొదిలేస్తే అది వారసత్వమే. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'తో తెలుగు వాళ్ళకీ కౌబాయ్ వచ్చాడు. టోపీ వచ్చింది, గుర్రం వచ్చింది. బానిస రాలేదు.

కాలప్రయాణం అనే ఊహే తప్పని మేం అనడం లేదు. 1979లో నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' నవల రాసింది. 1976లో కాలిఫోర్నియాలో బతుకుతున్న డేనా అనే నల్ల స్త్రీ బానిసల కాలపు మేరీలాండ్‌లోకి లాగబడుతుంది. అక్కడ ఆమె చదువు చూసేవాడు లేడు, చర్మమే చూస్తారు. వెంట వచ్చిన తెల్ల భర్త అదే కాలంలో అతిథిగా వుండగలడు. ఆమె బానిసగా వుండాలి. చివరికి తిరిగొచ్చేటప్పుడు ఆమె చెయ్యి అక్కడే పోతుంది. కోర్టెజ్ తొమ్మిది యుగాలు తిరిగి చెక్కుచెదరకుండా వచ్చాడు. కాలం ఇద్దరి దగ్గరా వొకే టిక్కెట్టు తీసుకోదు.

మన 'ఆదిత్య 369' (1991)లో కాలయంత్రం 1526కి పోయి కృష్ణదేవరాయల కొలువు చూపిస్తుంది. అదే యంత్రం ఆ రాజ్యంలోని వొక మాలపల్లెలో, మాదిగ గూడెంలో దిగి వుంటే కథ ఏమయ్యేది? లేదా యంత్రం ఎక్కినవాడే ఆ గూడెం మనవడైతే రాయల కొలువు దాకా పోనిచ్చేవారా? ఈ ప్రశ్న అడగకుండా తీసే గతం ఎంత రంగులమయమైనా మనది కాదు.

మూడో ఆట ఇంకో అడుగు ముందుకేసి వొక సిద్ధాంతమే చెబుతుంది. జేకబ్ క్రో అనే శాస్త్రవేత్త చావు లేకుండా బతకాలని చేసిన ప్రయోగాల్లోంచే టైమ్‌స్ప్లిటర్స్ పుట్టారట. 1924కి పోయి అతని పనిని మొదట్లోనే తుంచేస్తే 2401లో యుద్ధమే వుండదు. అంటే చెడుగంతా వొక్కడి చేతిపని, వాణ్ణి తీసేస్తే చరిత్ర బాగుపడిపోతుంది. మనలోనూ ఈ ఊహ వుంది. మనువు పుట్టకపోతే కులం వుండేది కాదని సభల్లో చప్పట్ల కోసం అంటూనే వున్నాం. అంబేద్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల మీద చదివిన పత్రంలో, దీన్ని తోసిపుచ్చాడు. కులం మనువు కంటే ముందే వుందనీ, మనువు దానికి శాస్త్రం కట్టాడనీ, వొక్క మనిషి ఇంత పెద్ద వ్యవస్థని జనం నెత్తిన రుద్దలేడనీ వాదించాడు. పెళ్ళి కట్టుబాటుతో, పైవాణ్ణి చూసి కిందివాడు అనుకరించడంతో అది పాకిందన్నాడు. అందుకే కులానికి 1924 లాంటి వొక్క తేదీ లేదు, కాల్చడానికి వొక్క క్రో లేడు. అది ఇవాళ్టి పెళ్ళి చూపుల్లో, అద్దె ఇంటి గుమ్మంలో రోజూ కొత్తగా పుడుతోంది. దాన్ని తుంచాల్సింది ఇవాళే, ఇక్కడే.

ఇదే ఆటలో మాకు బాగా నచ్చినదీ వొకటుంది. కోర్టెజ్ చిక్కుల్లో పడినప్పుడు రాబోయే కాలపు కోర్టెజే వచ్చి సాయం చేస్తాడు. కాసేపయ్యాక మనమే ఆ రెండో కోర్టెజ్‌గా వెనక్కి పోయి ఆ సాయం చెయ్యాలి. అందుకున్న సాయాన్ని తిరిగి తీర్చేదాకా కథ ముందుకి కదలదు. మంచి ఊహ. కాని కోర్టెజ్ రుణపడింది తనకి తానే. మనం అలా రాలేదు. 1946లో శూద్రుల మీద రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ ఫూలేకి అంకితమిచ్చాడు. ఫూలే తన పుస్తకాన్ని సముద్రానికి అవతలి వాళ్ళకి ఇచ్చాడు. కాలం మీదుగా మనకందిన చేతులు వేరే మనుషులవి. ఆ రుణం తీర్చాల్సిందీ మన తర్వాత వచ్చే వేరే మనుషులకే.

రెండో ఆటలో మ్యాప్‌మేకర్ అని వొక పనిముట్టు ఇచ్చారు. ఆడేవాళ్ళే సొంత స్థలాలు కట్టుకోవచ్చు, సొంత కథ అల్లుకోవచ్చు. అయితే కట్టడానికి దొరికే ఇటుకలన్నీ వాళ్ళు పోసినవే. ఊరు కట్టొచ్చు గాని వాడ కట్టడానికి ఇటుక లేదు. కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలు కొలువుల కోసమే కాక ఇందుకోసం కూడా ఆ విద్య పట్టాలి. ఆడేవాడి వొళ్ళు ఏదో ముందుగా అడిగే ఆట, దిగిన చోట బావి దగ్గరికి పోనిస్తారో లేదో తేల్చే ఆట, వొక్కణ్ణి కాల్చినంత మాత్రాన గెలవనివ్వని ఆట మనవాళ్ళ చేతుల్లోంచి రావాలి. మన ఇటుకలు మనమే పోసుకోవాలి.