కుర్చీల మధ్య దూరం

ఇటలీకి చెందిన ఎమిలియానో షార్రా రూపొందించగా 2002లో డావించీ సంస్థ వెలువరించిన ‘బ్యాంగ్!’ అనే కార్డుల ఆట, అమెరికా పశ్చిమ ప్రాంతపు తుపాకి వీరుల కథలను వస్తువుగా స్వీకరించి, నలుగురి నుంచి ఏడుగురి వరకు గుండ్రంగా కూర్చొని ఆడేందుకు అనువుగా అమరింది. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర కార్డును బోర్లా పంచుతారు. ఊరి శాంతిభద్రతలకు బాధ్యుడైన షెరీఫ్ మాత్రమే తన కార్డును అందరికీ కనిపించేలా తిప్పి ముందు పెట్టుకొంటాడు. అతని పక్షాన నిలవవలసిన డిప్యూటీలు, అతన్ని చంపితే గెలిచే ఔట్‌లాలు, అనగా బందిపోట్లు, అందరూ పోయాక తానొక్కడే మిగలాలని కోరే రెనిగేడ్, అనగా ఏ పక్షానికీ చెందని ద్రోహి, తమ తమ కార్డులను ప్రాణం పోయేదాకా బయటపెట్టరు. ఏడుగురు కూర్చొన్నప్పుడు షెరీఫ్ ఒకడు, డిప్యూటీలు ఇద్దరు, ఔట్‌లాలు ముగ్గురు, రెనిగేడ్ ఒకడు ఉంటారు. నలుగురే ఉంటే డిప్యూటీ అసలుండడు గనుక, అప్పుడు షెరీఫ్ మీద ఎవరైనా ప్రేమ ఒలకబోస్తే ఆ ప్రేమను అనుమానించక తప్పదు.

పాత్రను దాచి ఆడే ఆటలు కొత్తవి కావు. తెలుగు ఇళ్లలో పిల్లలు రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు రాసి కలిపి వేసే ఆటలో ఎదుటివారి ముఖాలను చూసి దొంగను పట్టుకోవాలి. 1980లలో మాస్కోలో దిమిత్రీ దవీదోవ్ రూపొందించిన ‘మాఫియా’లో వాదించి, నిందించి, చివరకు ఓట్లు వేసి హంతకుణ్ణి వెలివేయాలి. ఒకచోట ముఖం, మరొకచోట మాట సాక్ష్యమవుతున్నాయి. ‘బ్యాంగ్!’లో ఓటు లేదు, విచారణ లేదు. ఎవరెన్ని ప్రమాణాలు చేసినా చివరకు లెక్కలోకి వచ్చేది తూటా ఎవరి వైపు వెళ్లిందన్నదే. చేతలే సాక్ష్యమైన చోట నిజం వెంటనే బయటపడాలి గదా అన్న సందేహం సహజం. అలా బయటపడకుండా కాపాడే ఏర్పాటును షార్రా మాటల్లో గాక, కూర్చొనే వరుసలో పెట్టడం ఈ ఆటలోని అసలైన పనితనం.

ఆ ఏర్పాటు పేరు దూరం. పక్కనున్న ఆటగాడు ఒకటి దూరంలోనూ, అతని పక్కవాడు రెండు దూరంలోనూ ఉన్నట్టు, కుడి ఎడమలలో ఏది దగ్గరి దారి అయితే అటువైపు నుంచి లెక్కించాలి. ఆట ఆరంభంలో అందరి చేతిలోనూ ఉండే కోల్ట్ తుపాకి ఒకటి దూరం మాత్రమే చేరుతుంది. స్కోఫీల్డ్ రెండు, రెమింగ్టన్ మూడు, కార్బైన్ నాలుగు, వించెస్టర్ అయిదు దూరాల వరకు చేరతాయి గాని, అవి పేకలోంచి రావాలి. ముస్టాంగ్ అనే గుర్రం కార్డును ముందు పెట్టుకొన్నవాడు ఇతరులకు ఒక మెట్టు దూరమవుతాడు. తుపాకికి దుర్బిణి అమర్చుకొన్నవాడికి ఇతరులందరూ ఒక మెట్టు దగ్గరవుతారు. ఆటగాడు చనిపోతే అతని స్థానం లెక్కలోంచి తొలగిపోతుంది గనుక, ప్రతి చావుతోనూ వలయం కుంచించుకుపోయి, అంతవరకు అందనంత దూరాన క్షేమంగా కూర్చొన్నవారు ఒక్కసారిగా ఒకరి తుపాకికి ఒకరు ఎదురవుతారు.

ఇక్కడే ఆట చిక్కబడుతుంది. షెరీఫ్‌కు మూడు దూరాల్లో కూర్చొని, చేతిలో కోల్ట్ తప్ప మరేమీ లేని ఆటగాడు అతన్ని కాల్చకపోవడానికి విధేయత కారణమో, తుపాకి చేరకపోవడం కారణమో బయటివారు తేల్చలేరు. చేయలేనితనమూ చేయదలచనితనమూ ఒకేలా కనిపిస్తాయి. ఒక వంతులో ఒక్క ‘బ్యాంగ్!’ కార్డే, అనగా కాల్పుల కార్డే, వాడాలన్న నియమం ఈ మసకను మరింత పెంచుతుంది, ఎందుకంటే పక్కవాణ్ణి కాల్చినవాడు శత్రువని కాల్చాడో, అందుబాటులో ఉన్నాడని కాల్చాడో చెప్పలేం. గాట్లింగ్ అనే మరతుపాకి కార్డు మరీ కొంటెది. అది వేసినవాణ్ణి తప్ప అందరినీ ఒకేసారి గురిచూస్తుంది గనుక, షెరీఫ్‌ను కూడా కాల్చిన ఔట్‌లా అమాయకంగా చేతులు దులుపుకోవచ్చు. అయితే అనుమానంతో తొందరపడిన షెరీఫ్‌కు శిక్ష ఉంది: తన డిప్యూటీని తానే చంపితే చేతిలోని కార్డులూ ముందు పరచినవీ అన్నీ పారేయాలి. ఔట్‌లాను చంపినవారికి మాత్రం, చంపినవాడు మరో ఔట్‌లా అయినా సరే, మూడు కార్డుల బహుమానం దక్కుతుంది. బందిపోట్ల నీతిని ఇంత క్లుప్తంగా చెప్పిన నియమం మరొకటి ఉండదేమో.

ఈ మసకలో ఎక్కువకాలం బతకవలసినవాడు రెనిగేడ్. షెరీఫ్ చనిపోయే క్షణానికి రెనిగేడ్ తప్ప మరెవరైనా బతికి ఉంటే, ఔట్‌లాలందరూ అంతకుముందే చచ్చిపోయినా సరే గెలుపు ఔట్‌లాలదే. అందువల్ల అతడు ఆట పొడవునా షెరీఫ్‌ను బతికిస్తూ, బలపడనీయకుండా చూస్తూ, తూకం ఎటు మొగ్గితే అటు నుంచి కొంత తీసి రెండో వైపు వేస్తూ గడపాలి. చివరకు ఇద్దరే మిగిలినప్పుడు, అంతవరకు పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చిన బీరు కార్డు కూడా పనిచేయదు. తక్కిన పాత్రలన్నీ పక్షాలు. రెనిగేడ్ పాత్ర ఒక్కటే నటన, పైగా ఆడటానికి అన్నిటికంటే కష్టమైనది.

లోపం లేకపోలేదు. తొందరగా చనిపోయినవాడు మిగతావారి ఆట చూస్తూ కూర్చోవలసిందే, ఏడుగురి ఆటలో ఆ నిరీక్షణ చాలాసేపు సాగుతుంది.

ఆట పైపూత అమెరికాది గాని, అది ఇటలీ మీదుగా వచ్చిన అమెరికా. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ స్పెయిన్ ఎడారుల్లో తీసిన వెస్టర్న్ చిత్రాల వెటకారం కార్డుల మీది పేర్లలోనే తొంగిచూస్తుంది: బిల్లీ ద కిడ్ ఇక్కడ విల్లీ ద కిడ్ అయ్యాడు, కెలామిటీ జేన్ కాస్తా కెలామిటీ జానెట్ అయింది. లియోనీ 1964లో తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ కూడా కురొసావా జపాన్ చిత్రం ‘యోజింబో’ నుంచి వచ్చినదే. ఆ గాలే 1971లో కృష్ణ కథానాయకుడిగా కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం వహించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ రూపంలో తెలుగు తెరను తాకింది. ఇన్ని చేతులు మారిన సరుకుకు సొంతదారెవరో తేల్చడం ఎవరికైనా కష్టమే.

ఆ ప్రశ్న ఒకసారి న్యాయస్థానానికీ చేరింది. చైనాలో విశేష ప్రచారం పొందిన ‘సాన్‌గువోషా’ ఆటలో షెరీఫ్ రాజయ్యాడు, డిప్యూటీలు మంత్రులయ్యారు, ఔట్‌లాలు తిరుగుబాటుదారులయ్యారు, రెనిగేడ్ ద్రోహిగానే మిగిలాడు. కథ మూడు రాజ్యాల కాలపు చైనా చరిత్రకు మారింది. దాని ఇంగ్లిష్ రూపాన్ని అమెరికాలో అమ్మిన జికో గేమ్స్ మీద డావించీ సంస్థ కాపీరైట్ దావా వేయగా, టెక్సస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం 2016లో జికోకు అనుకూలంగా తీర్పునిచ్చింది. నవలకూ సినిమాకూ ముందే నిర్ణయమైన కథ ఉంటుంది, ఈ ఆటలో ఏం జరుగుతుందో ఆడేదాకా ఎవరికీ తెలియదు, కాబట్టి పాత్రల పరస్పర సంబంధాలూ గెలుపు షరతులూ ఆట నియమాలే తప్ప రచన కావు, నియమాలకు కాపీరైట్ వర్తించదు అన్నది స్థూలంగా ఆ తీర్పులోని తర్కం. రూపకర్తకు ఇది చేదుగా తోచి ఉండవచ్చు గాని, ఆ తర్కం ‘బ్యాంగ్!’ స్వభావాన్ని సరిగానే పట్టుకొంది. చైనా ఆటలో తుపాకుల స్థానంలో కత్తులూ బల్లేలూ విల్లులూ వచ్చాయి, బీరు బదులు పీచు పండు ప్రాణం పోస్తుంది. కుర్చీలు లెక్కించి దూరం కొలవడం, కార్డు వేసి ఆ దూరాన్ని ఒక మెట్టు పెంచడమో తగ్గించడమో మాత్రం అలాగే ఉన్నాయి.