రికార్డులో పేరు: కలం ఎవరిది?

మిత్రులొకరు తమ కుటుంబ చరిత్ర రాతప్రతిని అభిప్రాయం కోసం నాకిచ్చారు. ఆయన మంచి కథకుడు. నాలుగు తరాల కూలి బతుకును ఎక్కడా జాలి అడుక్కోకుండా చెప్పారు. అయితే ఒక్కచోట నాకు పేచీ ఉంది. బ్రిటిష్ కాలపు సెటిల్మెంటు రిజిస్టరులో ఆయన ముత్తాత పేరు 'అప్పిగాడు'. రాతప్రతిలో అది 'అప్పారావు' అయింది. కరణం చేసిన అవమానాన్ని సరిదిద్దానన్నారు.

ఆ బాధ న్యాయమైనది. దిద్దుబాటే సరైనది కాదు.

పాత భూమి రికార్డులు తిరగేసినవారికి ఈ సంగతి తెలుసు. ఒకే పుటలో కొందరి పేర్లు 'రాజు', 'శాస్త్రి' అంటూ నిండుగా ఉంటాయి. మాల, మాదిగ, చాకలి పేర్లు 'గాడు'తో ముగుస్తాయి. ఇది చేతిదోషం కాదు. ఊళ్లో పెత్తనం చేసేవాళ్ల పిలుపే కరణం కలం గుండా సర్కారు సత్యమైంది. దాన్ని మనం దిద్దితే నేరం మాసిపోదు, సాక్ష్యం మాసిపోతుంది.

ముత్తాత తమ్ముడు నేటాలు వెళ్లిన అధ్యాయంలోనూ ఇదే చిక్కు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. ఓడ పట్టికలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉంటాయి. మన ఇంటిపేరుకు గడి లేదు. చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్న పేరే తర్వాతి తరాల్లో ఎన్నో కుటుంబాలకు ఇంటిపేరైంది. ఆ అక్షరాల్ని 'శుద్ధి' చేస్తే మనుమలకు తాత దొరకడు.

మరి పేరు మార్పంతా పైవాడి పనేనా? కాదు. మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి భాగ్యరెడ్డివర్మ అయ్యారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, 'పంచమ' అనే మాటను తిరస్కరించి 'ఆది ఆంధ్ర' అనిపించారు. 1931 జనాభా లెక్కల నాటికి చాలామంది అలాగే రాయించుకున్నారు. పట్టికలో 'మాల' తగ్గితే కుటుంబాలు అంతరించాయని కాదు, మనుషులు తలెత్తారని అర్థం. ఆయన తీసుకున్నవీ పైకులాల మాటలే కదా అనవచ్చు. నిజమే. కాని ఆ పేరును ఆయన బతికుండగా, లోకం ఎదుట స్వీకరించారు. అప్పిగాడికి ఆ అవకాశం రాలేదు. మునిమనుమడు చాటుగా ఇస్తే అది ఆయన గెలుపు కాజాలదు.

ఆ మనిషే ఈ మనిషని తేల్చేదెలా? పేరు మారినంత తేలిగ్గా సర్వే నంబరు మారదు. తండ్రి పేరు, హద్దు రైతుల పేర్లు, వయసు కలిపి చూడాలి. ఒక్క పేరును నమ్మి వంశవృక్షం నాటకూడదు.

విచిత్రమేమంటే, అసలు జవాబు ఆ రాతప్రతిలోనే ఉంది. ముప్పయ్యో పుటలో రచయిత నాయనమ్మ నోట 'అప్పయ్య మామ' అన్న మాట వస్తుంది. ఇంట్లోవాళ్లు ఆయనకు గౌరవం ఏనాడో ఇచ్చుకున్నారు. రిజిస్టరులో అప్పిగాడు, ఇంట్లో అప్పయ్య. ఈ రెండు పేర్ల మధ్య దూరమే ఆ కుటుంబ చరిత్ర. 'అప్పారావు' ఆ దూరాన్ని కప్పే అరువు కండువా.

దాన్ని తీసేయమని మిత్రునికి రాశాను. ఆ రెండు పేర్లనూ పక్కపక్కనే అచ్చువేయమన్నాను.