ఉబుంటు స్టూడియో - గుణదోష విచారణ

శబ్దమును రికార్డు చేయుట, చిత్రమును దిద్దుట, చలనచిత్రమును కూర్చుట - ఈ పనులకు ఒకప్పుడు వేరువేరు యంత్రములు, వేరువేరు శాలలు కావలసియుండెను. నేడు ఇవన్నియు ఒక్క కంప్యూటరుతో జరుగుచున్నవి. కాని యంత్రమును కొన్నంత మాత్రమున పని జరుగదు. తగిన ప్రోగ్రాములు కావలెను. వ్యాపార సంస్థల ప్రోగ్రాములలో పెక్కింటికి ఏటేట చందా చెల్లింపవలెను. చందా ఆగిన పిమ్మట విద్యార్థి తాను చేసిన పనినే మరల తెరచి దిద్దుకొనుట కష్టమగును. ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చిన వానిలో ఉబుంటు స్టూడియో అను ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి. ఇది పాఠశాలకు ఎంతవరకు పనికివచ్చునో విచారింపదగును.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ - ఈ రెండును పునాదిగా డెబియన్, డెబియన్ పునాదిగా 2004లో ఉబుంటు వెలసినవి. ఆ ఉబుంటునే కళాసృష్టికి అనువుగా సవరించి, 2007 మే నెలలో ఉబుంటు స్టూడియో తొలి కూర్పును విడుదల చేసిరి. దీనిని పోషించువారు స్వచ్ఛంద సేవకులు. ఆంగ్లమున ఉచితమునకు, స్వేచ్ఛకు ఒకే మాట యుండుటచే అచ్చట భ్రాంతి కలుగుచుండును. తెలుగున రెండు మాటలున్నవి; ఈ వ్యవస్థకు రెండును చెల్లును. దీనికి వెల లేదు. అంతకంటె ముఖ్యముగా, దీనిని ప్రతులు తీసి పంచుటకును, మూలమును చదివి మార్చుటకును అనుమతి కలదు.

దీని ముఖ్యగుణము శబ్దవిషయమున కనబడును. గాయకుడు పాడునప్పుడు తన గొంతును హెడ్‌ఫోనులో వినుచుండును. ఆ ధ్వని కంప్యూటరులో సంఖ్యలుగా మారి, మరల ధ్వనియై చెవిని చేరుటకు కొంత కాలము పట్టును. కంప్యూటరు ఆ సంఖ్యలను గుంపులుగా తీసికొనును. సెకనుకు 48,000 నమూనాల చొప్పున 1,024 నమూనాల గుంపు నిండుటకు సుమారు 21 మిల్లీసెకనులు పట్టును. 256 నమూనాల గుంపునకు 5 మిల్లీసెకనులకు కొంచెము పైన చాలును. గాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 343 మీటర్లు. కనుక మొదటి ఆలస్యము 7 మీటర్ల దూరమునుండి, రెండవది 2 మీటర్లలోపు దూరమునుండి పాట వినుటతో సమానము. లోనికి ఒకసారి, వెలుపలికి ఒకసారి ఆలస్యమగుటచే మొత్తము ఇంకను హెచ్చును.

గుంపు చిన్నదైనకొలది కంప్యూటరు మిగిలిన పనులను ఆపి తరచుగా శబ్దము వంక చూడవలెను. ఒక్కమారు వేళ తప్పినను చిటపటలు వినబడును. ఉబుంటు స్టూడియో కెర్నెలును, శబ్దవ్యవస్థను ఈ పనికి ముందుగనే సరిచేసి ఇచ్చును. పాల్ డేవిస్ రచించిన జాక్, దాని పిమ్మట వచ్చిన పైప్‌వైర్ అనునవి ఒక ప్రోగ్రాము శబ్దమును మరియొక దానికి వేళ తప్పకుండ అందించును. అయితే 2024 అక్టోబరు కూర్పునుండి ఉబుంటు సామాన్య కెర్నెలుకే ఈ సామర్థ్యము అబ్బినది. కావున ఈ ప్రత్యేకత కొంత తగ్గినదని ఒప్పుకొనవలెను.

ప్రోగ్రాముల విషయమున సంపద మెండు. ఆర్డర్, ఆడాసిటీ, గింప్, క్రితా, ఇంక్‌స్కేప్, బ్లెండర్, కేడెన్‌లైవ్ మొదలగునవి ఇందు చేర్చబడినవి. గింట్స్ జిల్బలోడిస్ దర్శకత్వమున 2024లో వచ్చిన లాట్వియా చిత్రము 'ఫ్లో' బ్లెండర్‌తో రూపొంది, 2025లో ఆస్కార్ పొందినది. కాని ఆ ఘనత బ్లెండర్‌ది. ఉబుంటు స్టూడియోది కాదు. పై ప్రోగ్రాములన్నియు విండోస్‌పై కూడ నడచును. కేవలము వానికొరకే వ్యవస్థను మార్చుకొన నక్కరలేదు.

ఇక దోషములు. ఒకే పనికి రెండు మూడు ప్రోగ్రాములుండుటచే కొత్తవాడు దేనిని పట్టవలెనో తెలియక తికమకపడును. శబ్దమును కొద్దిగా కోసి అతుకుటకు ఆడాసిటీ చాలును. అనేక వాద్యముల సమ్మేళనమునకు ఆర్డర్ కావలెను. ఈ తారతమ్యమును మెనూ చెప్పదు. కొన్ని ధ్వనిపరికరముల తయారీదారులు లినక్స్‌కు డ్రైవర్లు ఇయ్యరు. కొనుటకు ముందే విచారింపవలెను. 2024 ఏప్రిల్ దీర్ఘకాలిక కూర్పునకు ఉబుంటు 5 సంవత్సరములు సంరక్షణ ఇయ్యగా, స్టూడియో 3 సంవత్సరములే ఇచ్చుచున్నది.

తెలుగు పాఠశాలకు మరియొక చిక్కు కలదు. పుటల కూర్పునకు ఇందున్న స్క్రైబస్, చాలకాలము తెలుగు ఒత్తులను, గుణింతములను సరిగా కూర్చలేకపోయెను. 2024 జనవరిలో వెలువడిన 1.6 స్థిరకూర్పుతో ఈ లోపము తీరినది. పాత కూర్పులతో పత్రిక వేయబూనినవారు నిరాశ చెందుట సహజము. ఆ నిరాశకు కారణము కూర్పు సంఖ్యయేయని తెలిసికొనిన, మరల ప్రయత్నింప వచ్చును.

మొత్తముమీద, పాటలు రికార్డు చేయదలచిన పాఠశాలకు ఉబుంటు స్టూడియో మేలైన సాధనము. చిత్రములు మాత్రమే దిద్దువారికి ఇది అవసరము కాదు. దీనిని యు.ఎస్.బి. డ్రైవునుండి, కంప్యూటరులోని పాత వ్యవస్థను తాకకుండనే నడిపి చూడవచ్చును. ఒక ఉపాధ్యాయుడు, నలుగురు విద్యార్థులు చేరి పది నిమిషముల పాఠమొకటి రికార్డు చేసి చూచినచో, మైకు పనిచేసినదా, చిటపటలు వచ్చినవా, తెలుగు అక్షరములు కుదిరినవా యని ఒక్క మధ్యాహ్నములో తేలిపోవును. ఆ పరీక్షలో నెగ్గిన పిమ్మటనే పాత వ్యవస్థను తొలగించుట మంచిది.