క్రిస్మస్ సెలవుల ముందు ఇంటికో ఉత్తరం

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మిషన్ బడుల హాస్టళ్లలో పిల్లలకు చదువు మీద మనసు నిలవదు. వెదురుబద్దలు చీల్చి, రంగుకాగితాలు అంటించి స్టార్ కడుతుంటారు. సాయంత్రం ప్రేయర్ అయ్యాక క్వైర్ ప్రాక్టీసు ఉంటుంది. సెమీ క్రిస్మస్ నాటికలో ముగ్గురు జ్ఞానుల వేషాలు ఎవరివో తేలేదాకా డార్మిటరీలో నిద్రుండదు. మంచాల కింద ట్రంకుపెట్టెలు అప్పటికే సగం సర్దేసి ఉంటాయి. మిగతా బడులు సంక్రాంతి కోసం చూస్తుంటే మిషన్ బడులకు క్రిస్మస్ సెలవులు విడిగా వస్తాయి. ఆ సెలవులకు ముందు మా బడిలో టీచర్లం చేసే పని ఒకటుంది. ప్రతి బిడ్డ ఇంటికీ ఒక ఉత్తరం రాస్తాం. ఈ వారం దాని గురించే.

ప్రోగ్రెస్ కార్డు వేరు. మార్కులు, హాజరు, గ్రేడు అందులో ఉంటాయి. ఉత్తరంలో ఆ బిడ్డ ఇన్నాళ్లూ ఎలా ఉందో చెప్పాలి. ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల సంగతి తల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పు తెగినా, పన్ను ఊడినా, పక్కింటి పిల్లతో మాటలు మానేసినా ఆ రాత్రికే తెలిసిపోతుంది. హాస్టల్లో వేసిన పిల్ల విషయంలో అలా కుదరదు. నెలకో ఆదివారం వచ్చి, చెట్టు కింద కూర్చుని, తెచ్చిన క్యారేజీ విప్పి తినిపించి, చీకటి పడకముందే బస్సెక్కి వెళ్లిపోతుంది తల్లి. జూన్ నుంచి డిసెంబరు దాకా ఆమె చూడని రోజులన్నీ మా కళ్ల ముందే గడుస్తాయి. అవి మేం ఆ తల్లికి బాకీ. ఆ బాకీ తీర్చే దారి నాకు తెలిసినంతలో ఈ ఉత్తరమొక్కటే.

తెలుగునాట పిల్లల్ని దూరాన ఉంచి చదివించడం ఈనాటిది కాదు. మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. మరుసటి ఏడాది బందరులో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి తెరిచాడు. నెల్లూరు, ఒంగోలు వైపు కూడా మిషన్లు విస్తరించి, వాటి వెంట బోర్డింగులూ వచ్చాయి. 1971 నవంబరు 23న ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభించారు. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. 1986 జాతీయ విద్యావిధానం దేశమంతటా నవోదయల్ని తెచ్చింది. ఈ బడుల ఫలితాల గురించి, అక్కడ చదివి పెద్ద పదవులకు వెళ్లినవారి గురించి మనవాళ్లు చాలా రాశారు. పిల్లని పంపిన ఇంటికి బడి ఏం చెప్పాలన్నది మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు. అది మాట్లాడుకోవలసిన విషయమని నా నమ్మకం.

విజయాల సంగతి ముందు చెబుతాను. డిసెంబరు అసెంబ్లీలో చదివే జాబితా చిన్నదేం కాదు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 ఖోఖో, అండర్-17 కబడ్డీ, ఎవరెవరు మండలం దాటి జిల్లాకు ఆడారో వాళ్ల పేర్లు. సైన్స్ నమూనాల పథకం ఇన్‌స్పైర్ మనక్‌కు ఎంపికైన పిల్ల ఉంటే ఆ పేరు. నమూనా తయారు చేయడానికి ఆ పిల్ల బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి గనక, అది ఊరంతా చెప్పుకునే వార్త. డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినం. సెలవులు ముందే ఇచ్చేస్తారు కాబట్టి మా లెక్కల మాస్టారు ఆ క్విజ్‌ను ఓ వారం ముందుకు జరుపుతారు. గెలిచినవాళ్లకు పెన్నులు ఇస్తారు. ఇవన్నీ చెప్పాలి, గట్టిగా చెప్పాలి. కప్పు తెచ్చిన పిల్లకు చప్పట్లు పడాల్సిందే.

కానీ ఉత్తరంలో ‘మీ అమ్మాయి ఖోఖోలో జిల్లాస్థాయికి ఆడింది’ అని రాసి ఊరుకుంటే చాలదు, ఆ ముక్క సర్టిఫికెట్టు మీద ఎలాగూ ఉంటుంది. తల్లి అక్కడ ఉంటే ఏం చూసేదో అది రాయాలి. ఖోఖోలో తొమ్మిది మంది దిగితే ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి మోకాళ్ల మీద కూర్చుంటారు. వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ అని వినిపించేదాకా కదలకూడదు. ఆ పిల్ల ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదని చేర్పించిన రోజున వాళ్లమ్మే చెప్పింది. అందుకని నేనిలా రాశాను: ‘మీ అమ్మాయి ఆ వరుసలో తన వంతు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. లేచాక ఎవరికీ అందలేదు.’ ఆ తల్లికి ఖోఖో నియమాలు తెలియనక్కర్లేదు. తన పిల్లను గుర్తుపడుతుంది.

ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా పూర్ణ గుర్తొస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల ఆమె ఊరు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా నుంచి వెళ్లిన ఆనంద్ కుమార్ కూడా గురుకులం పిల్లాడే. మనకు ఆ రోజు తెలుసు. అంతకుముందు భువనగిరి కొండరాయి మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నారు, డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు, లద్దాఖ్ చలిలో గడిపారు. భువనగిరిలో తాడు పట్టుకున్న గురుకులం పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరెస్టుకు వెళ్లింది ఇద్దరే. మిగిలినవాళ్లు హాస్టళ్లకు తిరిగొచ్చి, మర్నాడు పొద్దున పళ్లెం పట్టుకుని టిఫిన్ లైనులో నిలబడ్డారు. ఆ పిల్లల్లో ఎవరైనా మొదటిసారి కిందికి చూసి వణికి, అయినా ఇంకో అడుగు పైకి వేసి ఉంటే, అది వాళ్ల ఇంటికి చేరిందా? పత్రికలు దాన్ని రాయలేవు, వాటికి ఉన్న చోటు తక్కువ. బడి రాయగలదు. ఎవరికీ రాని కప్పుల గురించి రాయగలిగేది బడి ఒక్కటే.

వేసవిలో ర్యాంకుల ప్రకటనలు చూస్తుంటాం. పేజీ నిండా తపాలా బిళ్లంత ఫొటోలు, వాటి కింద అంకెలు. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. ఆ పేజీలో లేని పిల్లల అమ్మానాన్నలు కూడా అదే ఫీజు కట్టారు, అప్పు చేసి కట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇంటికి ఆ రోజు వార్తేమీ రాదు. నన్ను బాధపెట్టేది అదే.

మా క్వైర్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆల్టో పాడుతుంది. చౌదరి పురుషోత్తం కీర్తనతో ఎప్పుడూ కార్యక్రమం మొదలవుతుంది, తర్వాత క్యారల్స్. ముందు వరుసలో సోలో పాడే పిల్ల గొంతు అందరికీ వినబడుతుంది. ఆల్టో విడిగా వినబడదు. ప్రాక్టీసులో ఒక సాయంత్రం ఈ అమ్మాయికి జ్వరమొచ్చి రాకపోతే పాట పలచబడిపోయింది. హార్మోనియం వాయించే మాస్టారు ఆపి, ‘ఆ అమ్మాయి ఏది?’ అని అడిగారు. ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు ఉత్తరంలో రాసేశాను. దానికి నేను కలపాల్సిందేమీ లేదు.

ఇలాంటివి డిసెంబరులో కూర్చుని గుర్తు తెచ్చుకుంటే రావు. జూన్ నుంచీ నోటుబుక్కు ఉండాలి, పేరుకో పేజీ. టీచర్లు చూసేది తక్కువ. మెస్‌లో ఎవరు రెండోసారి అన్నం అడుగుతున్నారో, ఎవరు కూర వదిలేస్తున్నారో వంటమ్మకు తెలుసు. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు రాత్రిళ్లు ఏడవడం ఎప్పుడు మానేశారో మేట్రన్ గారికి తెలుసు. ఎవరు చిన్నపిల్లలకు దోమతెర కట్టిపెట్టి పడుకుంటారో ఆయాకు తెలుసు. వీళ్లను అడగకుండా రాసిన ఉత్తరం తరగతి గదిలో మొదలై అక్కడే ఆగిపోతుంది. హాస్టల్ బిడ్డ జీవితంలో తరగతి గది సగం కూడా కాదు.

నవోదయలో పనిచేసే స్నేహితుడొకడు చెప్పాడు. అక్కడ తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలు ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు వెళ్తారు. మన పిల్లలు హిందీ రాష్ట్రాలకు, అక్కడివాళ్లు ఇక్కడికి. అలా వచ్చిన ఒక పిల్లాడు చలికాలం వచ్చేసరికి గోంగూర పచ్చడి అడిగి వేయించుకుంటున్నాడట. స్నేహితుడు ఆ సంగతి వాళ్ల నాన్నకు హిందీలో రాయడానికి హిందీ టీచరు పక్కన కూర్చున్నాడు. పచ్చడి ఎలా ఉంటుందో కూడా రాయించాడట. అంత దూరంలో కొడుకు ఏం తింటున్నాడోనన్నదే ఆ తండ్రి బెంగ. ఆ పిల్లాడి మార్కుల కన్నా ముందు చేరవలసిన వార్త అది.

చదవడం రాని ఇళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మా పిల్లల్లో కొందరి అమ్మానాన్నలు పనికోసం వలస వెళ్తారు. ఇంటి దగ్గర ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. కాగితం పంపితే ఎవరో చదివిపెట్టాలి. అందుకని ఉత్తరాన్ని పైకి చదివి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. వినగానే అర్థం కాని వాక్యం కొట్టేస్తాను. ‘ఆశించిన ప్రగతి’, ‘సహపాఠ్య కార్యక్రమాలు’ లాంటివన్నీ అలాగే పోయాయి. వలస వెళ్లినవాళ్లకు ఉత్తరం చదివి వాట్సాప్‌లో వాయిస్ పంపుతున్నాం. పని దిగాక రాత్రిపూట వింటారు, మళ్లీ మళ్లీ వింటారు. కాగితం కూడా ఇస్తాం, అది దాచుకోవడానికి.

ఫిర్యాదులు ఉత్తరంలో రాయకూడదని మా పెద్ద టీచర్లు పెట్టిన నియమం. అది మంచి నియమం. ఏదైనా ఉంటే పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. పండగనాడు ఇంట్లో పదిమంది వినేలా చదివే కాగితం మీద పిల్ల తలొంచుకునే మాట ఉండకూడదు. అబద్ధమూ ఉండకూడదు. ఇంగ్లీషులో వెనకబడిన పిల్లాడిని చురుకైనవాడని రాస్తే వాడికే ముందు తెలుస్తుంది.

సెలవులకు వెళ్లడానికి ఇల్లు లేని పిల్లలు కూడా ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. క్రిస్మస్ రోజు మేట్రన్ గారితో కలిసి గుడికెళ్లి, మా ఇళ్లలోనే భోంచేస్తారు. వాళ్లకూ ఉత్తరం రాస్తాం, వాళ్ల పేరు మీదే, ‘చిరంజీవి’ అని మొదలుపెట్టి. ఆ ఉత్తరాలు నేను అందరికన్నా ముందు రాసేస్తాను, ఆఖర్న తొందరలో రాయడం నాకిష్టం లేదు.

ఈ ఏటివి చాలావరకు అయ్యాయి. ఏడో తరగతి పిల్లాడొకడి గురించి రాయాల్సింది ఇంకా దొరకలేదు. మార్కులు మధ్యస్థం, ఆటల జాబితాలో పేరు లేదు, అల్లరీ లేదు. వంటమ్మను అడిగితే మంచి పిల్లాడంది, వాచ్‌మన్ కూడా అదే అన్నాడు. మంచి పిల్లాడని వాళ్లమ్మకు ఎప్పటినుంచో తెలుసు. రేపు సాయంత్రం ఆటల పీరియడ్‌లో గ్రౌండ్‌కి వెళ్తున్నాను, రాత్రి స్టడీ అవర్‌లో వాడి బెంచీ దగ్గర కూర్చుంటాను. బస్సులు బయల్దేరేలోపు ఆ ఉత్తరం కూడా కవర్లో ఉండాలి.