హెక్ ఏడు పత్రాలు

కర్బన పరమాణువు లోహ పరమాణువుతో నేరుగా బంధం కలిగి ఉన్న పదార్థాలను కర్బన లోహ సమ్మేళనాలు అంటారు. ఇవి ఉత్ప్రేరకాలుగా ఎలా పనిచేస్తాయో విడమరిచి చెప్పిన తొలితరం శాస్త్రవేత్తల్లో అమెరికాకు చెందిన రిచర్డ్ హెక్ (1931–2015) ఒకరు. ఆయన పరిశోధనా పత్రాలను వరసగా చదివితే ఒక పద్ధతి కనిపిస్తుంది. చర్య లోపల ఏం జరుగుతోందో ముందు తేల్చుకునేవారు. కొత్త చర్య కోసం వెతుకులాట ఆ తరవాతే.

చదువయ్యాక హెక్ డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో హెర్క్యులిస్ కంపెనీలో చేరారు. ఆల్కీన్లను కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌లతో కలిపి ఆల్డిహైడ్లు తయారుచేసే హైడ్రోఫార్మిలేషన్ అప్పటికే పరిశ్రమల్లో నడుస్తోంది. అందులో కోబాల్టు చేసే పని మాత్రం ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1960ల మొదట్లో హెక్, డేవిడ్ బ్రెస్లో దాన్ని మెట్లు మెట్లుగా వివరించారు. కోబాల్టు తనను అంటిపెట్టుకున్న ఒక కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. ఖాళీ అయిన చోటికి ఆల్కీన్ వచ్చి, లోహానికీ హైడ్రోజన్‌కూ మధ్య చేరుతుంది. పాఠ్యపుస్తకాలు నేటికీ ఆ వివరణనే చెబుతున్నాయి.

ఆల్కీన్ లోహ–హైడ్రోజన్ బంధంలోకి చొరబడగలిగితే, లోహ–కర్బన బంధంలోకి ఎందుకు చొరబడదు? 1968లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వెంటవెంటనే అచ్చయిన ఏడు పత్రాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాయి. ఏడింటికీ రచయిత హెక్ ఒక్కరే. బెంజీన్ వలయమున్న పాదరస సమ్మేళనాన్ని పల్లాడియం లవణంతో కలిపితే వలయం పల్లాడియం మీదికి మారి, అక్కడి నుంచి ఆల్కీన్‌కు అతుక్కుంది. ఇబ్బందులు రెండు: పాదరసం విషం, పల్లాడియం ఖరీదు. పని ముగిసేసరికి పల్లాడియం లోహరూపంలోకి మారిపోయేది. దాన్ని మళ్లీ వాడుకోవాలంటే కాపర్ క్లోరైడు లాంటి ఆక్సీకరణి కావాలి.

ఈ రెండు ఇబ్బందులూ 1972 నాటి పత్రంతో తీరాయి. హెక్, ఆ పత్రం సహరచయిత నోలీ పాదరసాన్ని పక్కనపెట్టి అయొడోబెంజీన్, స్టైరీన్, ట్రైబ్యూటైల్ ఎమీన్‌లను కొద్దిపాటి పల్లాడియం ఎసిటేటుతో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేశారు. స్టిల్బీన్ తయారైంది. పల్లాడియం కర్బన–అయొడిన్ బంధం మధ్యకు వెళ్తుంది. ఆల్కీన్ వచ్చి పల్లాడియానికీ వలయానికీ నడుమ చేరుతుంది. పక్క కర్బనం నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుని పల్లాడియం విడిపోతుంది. మిగిలిన ఆమ్లాన్ని క్షారమైన ఎమీన్ పట్టేస్తుంది. పల్లాడియం మొదటి రూపానికి వచ్చి మరో అణువు పని పడుతుంది. జపాన్‌లో త్సుతోము మిజొరోకి బృందం ఇలాంటి చర్యనే 1971లో విడిగా ప్రకటించింది. అందుకే దీన్ని మిజొరోకి–హెక్ చర్య అని కూడా అంటారు.

అప్పటికి డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన హెక్ అక్కడితో ఆగలేదు. 1974లో ఫాస్ఫీన్లు జోడించి, అయొడైడ్ల కంటే చవకైన బ్రోమైడ్లతోనూ చర్యను నడిపారు. కార్బన్ మోనాక్సైడును చేర్చి ఎస్టర్లు తయారుచేశారు. 1975లో ఆల్కైన్లనూ వలయాలకు అతికించారు. డీఎన్ఏ అక్షరక్రమం చదవడానికి క్షారాలకు రంగుల అణువులను తగిలించే పని తరవాతి కాలంలో ఇలాంటి ఆల్కైన్ సంధానంతోనే సాధ్యమైంది.

1968 నాటి పత్రాల్లో ఒకటి అల్లైల్ ఆల్కహాళ్ల గురించి. పల్లాడియం చర్య వాటిని ఆల్డిహైడ్లుగా, కీటోన్లుగా మారుస్తుందని అది చూపింది. ఆస్తమాకు, అలర్జీకి డాక్టర్లు రాసే మాంటెలుకాస్ట్ తయారీలో ఒక మెట్టు సరిగ్గా ఇదే. నొప్పి మాత్ర నాప్రోక్సెన్‌ను తయారుచేసే ఒక పారిశ్రామిక మార్గంలోనూ హెక్ చర్య ఉంది.

హెక్ 1989లో పదవీ విరమణ చేసి, తరవాత ఫిలిప్పీన్స్‌లో స్థిరపడ్డారు. ఐ-ఇచి నెగిషి, అకిరా సుజుకిలతో కలిసి నోబెల్ అందుకున్నది 2010లో. ఆ ఏడు పత్రాలకు అప్పటికే నలభై ఏళ్లు దాటాయి. పేరున్న చర్యలను బట్టీ పట్టే రసాయన శాస్త్ర విద్యార్థులు వాటిని ఒకసారి వరసగా చదవాలి. ఒక్క ప్రశ్నను వదలకుండా పట్టుకుంటే ఎంత దూరం పోవచ్చో అందులో తెలుస్తుంది.